పలక దించే ముందు పిలుపు

పెబ్బేరు సంతలో ఒక కోడె నోరు తెరిచి పళ్లు చూస్తున్న బేరగాడు, తల ఎత్తకుండానే, "మీ మేస్త్రి పోయిండంట గద, తెల్వదా?" అన్నాడు. అప్పుడు నేను నలుగురు రైతులను చుట్టూ నిలబెట్టుకుని, సముద్రంలో ఒక చేప మా క్రేన్ కొక్కేన్ని మింగి, క్రేన్‌ను ఎలా ఈడ్చుకుపోయిందో చెబుతున్నాను. కథ అక్కడే ఆగిపోయింది. "తర్వాత ఏమైందప్పా?" అని గద్వాల వైపు రైతు ఒకాయన అడిగాడు. "చేప చచ్చింది," అని చెప్పి గుంపులోంచి బయటపడి, పశువుల లారీల వెనక్కి పోయి నిలబడ్డాను. దుఃఖంతో అని రాసుకుంటే బాగుంటుంది గాని, భయంతో. ఒక మనిషికి చెప్పవలసిన ఒక మాటను చెప్పకుండా ఏడేళ్లు నెట్టుకొచ్చాను. చెప్పావా అని అడిగే ఒక్క మనిషీ ఇప్పుడు పోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఆయన మాటల్లోనే వస్తుంది. మేమందరం మామా అనేవాళ్లం.

ఆయనను మొదట చూసింది కూడా ఆ సంతలోనే. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. జనం ఎడ్లను అమ్ముకోవడానికి వచ్చేవాళ్లు. ఆయన మనుషులను ఏరుకోవడానికి వచ్చేవాడు. తక్కిన మేస్త్రీలు భుజాలు చూస్తారు, అరచేతులు తడిమి చూస్తారు. ఈయన ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి కళ్లు మూసుకునేవాడు.

"ఆడ నిలబడి పలుకు."

"ఏం పలకాలె మామా?"

"ఉన్న అను."

"ఉన్న."

"ఇంగొకపారి."

ముప్పై ఏళ్లు వచ్చేదాకా గొర్రెలు కాసిన మనిషి. మంద పొదల చాటుకు పోతే లెక్క కండ్లతో కాదు, చెవులతో పెట్టాలనేవాడు. ఏ గొర్రె అరుపు తగ్గిందో చెప్పగలిగినవాడు, మనుషులను కూడా అలాగే లెక్కపెట్టేవాడు. నా వంతు వచ్చినప్పుడు నాకు కొంటెతనం పుట్టింది. పళ్లు లేని ముసలమ్మ గొంతుతో "ఉన్న నాయినా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన కళ్లు తెరిచాడు గాని నవ్వలేదు.

"నీకు ఎన్ని గొంతులున్నయ్‌రా?"

"ఎన్ని కావాలంటే అన్ని మామా."

"నాకు ఒకటి సాలు. నీది నువ్వు పట్కరా." కాస్త ఆగి, "నంబర్లు రాసుడు ఒస్తదా?" అన్నాడు.

అట్లా పద్దెనిమిది మందిమి కోస్తాలో ఒక జెట్టీ పనికి పోయాం. జెట్టీ అంటే వంతెనే. అవతలి ఒడ్డు ఉండదు, అంతే తేడా. ఓడలు వచ్చి దాన్ని ఆనుకుని నిలబడతాయి. సముద్రం మీద నిలబడి కాంక్రీటు పోస్తూ కూర్చుంటే ఏళ్లు పడుతుందని, దూలాలు, పలకలు అన్నీ ఒడ్డునే పోసి, ఆరబెట్టి, ఒక్కొక్కటే తీసుకుపోయి పేర్చేవాళ్లు. నీళ్లలో పాతిన స్తంభాలు, అంటే పైల్స్, వాటి మీద దూలాలు, దూలాల మీద పలకలు. పరిచిన పలకల మీదికే క్రేన్ ఎక్కి, ముందుకు వంగి, ఇంకో పలకను తన ముందర వేసుకునేది. పొద్దున నీళ్లున్న చోట సాయంత్రానికి నడిచి పోయేవాళ్లం. ఒడ్డున ప్రతి పలక మీదా ఎర్ర రంగుతో నంబరు వేయడం నా పని. మా ఊళ్లో ఇల్లు కట్టుకునేవాడు ఒక స్లాబు కోసం మూడేళ్లు తిరుగుతాడు. అక్కడ రోజుకు ఆరు వేసేవాళ్లం.

మొదటి రోజు పొద్దున మామ చేసిన పని ఇప్పటికీ కళ్లముందుంది. నాటు పడవలో పోయి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, పైల్‌కు ఒక గుడ్డ పీలిక కట్టి వచ్చాడు. మా దగ్గర చెరువు తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి అలాగే కడతారు. మధ్యాహ్నం చూస్తే పీలిక లేదు. నీళ్ల కిందికి పోయింది. ఆయన ఆకాశం చూశాడు. ఒక్క మబ్బు లేదు.

"ఎగువల యాడ పడ్డది వాన?" అని పడవ నడిపే జాలరిని అడిగాడు.

జాలరి నవ్వాడు. "వానేంటి మావా, ఇది పోటు. రోజుకు రెండుసార్లు ఎక్కుద్ది, రెండుసార్లు తీసుద్ది."

"ఎవరు ఇడుస్తరు?"

"ఏంటి ఇడిచేది?"

"నీళ్లు. తూము యాడుంది?"

"తూమూ లేదు, ఇడిచేవాడూ లేడు. దానంతట అదే."

మేము నవ్వాం. మామ ముఖం మాత్రం తెల్లబడటం నేను మొదటిసారి చూశాను. ఇడిచేవాడు లేని నీళ్లు ఆయన ఎరగడు. చెరువుకు తూము తీసే నీరటికాడు ఉంటాడు, ప్రాజెక్టుకు గేటు ఉంటుంది, జూరాల నీళ్లు వదిలితే పై ఊళ్ల నుంచి కబురు వస్తుంది. "గిట్లాంటి నీళ్ల మీద కోపమొస్తే ఎవన్ని తిట్టాలెరా? బతిలాడాలంటే ఎవన్ని బతిలాడాలె?" అని ఆ రోజంతా గొణుక్కున్నాడు.

ఆనాటి నుంచి ఆయన సముద్రానికి వీపు పెట్టి కూర్చోలేదు. అన్నం తింటున్నా దాన్నే చూస్తూ తినేవాడు, వీధి చివర పిచ్చికుక్క నిలబడితే చూసినట్టు. పనిలో ఉన్న ఏడు నెలల్లో ఒక్కసారి కూడా కాలు తడుపుకోలేదు. మాకు ఒక నియమం పెట్టాడు: జెట్టీ మీద ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు.

"ఎందుకు మామా?"

"ఈ నీళ్లకు మన పేర్లు తెల్వొద్దు."

అందుకని ఊరి పేరుతో పిలిచేవాడు. నేను వనపర్తి. లింగాల నుంచి వచ్చినాయన లింగాల. రాజోలి నుంచి వచ్చినవాడు రాజోలి. ఇంజనీరును కూడా "ఓ సారు" అనేవాడే తప్ప పేరు పలికేవాడు కాదు.

పలక దిగే పద్ధతి ఇది. క్రేన్ దాన్ని ఖాళీ మీదికి తెచ్చి, మనిషెత్తున ఆపుతుంది. అప్పుడు మామ చెయ్యి పైకెత్తి, కళ్లు మూసుకుని పిలుస్తాడు. "పెబ్బేరూ!" "ఉన్న." "లింగాలా!" "ఉన్న." "కొల్లాపూరూ!" "ఉన్న." పద్దెనిమిది గొంతులూ వినిపించాకే చెయ్యి కిందికి దింపుతాడు. అంతసేపూ అన్ని టన్నుల బరువు గాలిలో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. కుర్ర ఇంజనీరుకు ఒళ్లు మండేది.

"మేస్త్రీ, ఇదేమైనా బడా? హాజరు వేస్తున్నావా?"

"ఒక్కటే నిమిషం సారు."

"పలకకు ఒక్కో నిమిషం, రోజుకు ఎంతయింది? గాలి లేస్తే ఎవరు జవాబు చెబుతారు?"

"కింద మనిషుంటే ఎవరు చెప్తరు సారు?"

కింద మనుషులు ఉండేవాళ్లు. అది ఇంజనీరుకు తెలియదు. ప్రతి పైల్ చుట్టూ దూలం కింద ఒక ఇనుప మంచె బిగించి ఉండేది. దూలాల పని అయిపోయాక విప్పేస్తారు. అప్పటిదాకా, ఎండలో మాడిన మాకు ఆ మంచెను మించిన చోటు లేదు. పైన నీడ, కింద చల్లటి గాలి, జొన్న చేలో కావలి మంచె లాగే. మామ ఎంత తిట్టినా దొంగచాటుగా దిగి ఒక కునుకు తీసేవాళ్లం. పొద్దున దిగినప్పుడు నీళ్లు ఎక్కడో కింద ఉండేవి. అక్కడే ఉంటాయనుకునేవాళ్లం. పోటు సంగతి చెవులతో విన్నాం గాని, కరువు నేలలో పుట్టిన ఒంటికి అది ఎక్కలేదు. నీళ్లు తగ్గడమే చూసినవాళ్లం. వాన లేకుండా పెరుగుతాయని కలలో కూడా భయపడలేదు.

ఆ రోజు పున్నమి, పోటు బాగా ఎక్కే రోజు. మర్నాడు పెద్దసార్లు చూడటానికి వస్తున్నారని, ఆ వరుస అయిపోవాలని ఇంజనీరు పొద్దుటి నుంచి గంతులేస్తున్నాడు. మధ్యాహ్నం దాటాక వరుసలో చివరి పలక. అది పడితే కిందికి దిగే నిచ్చెన దారి మూసుకుపోతుంది. గాలి లేచింది. పలక గిర్రున తిరగబోతే నలుగురం తాళ్లు పట్టుకుని ఆపుతున్నాం. మామ చెయ్యెత్తాడు.

పదకొండు గొంతులు పలికాయి. "రాజోలీ!"

జవాబు లేదు.

"రాజోలీ!"

తాడు నా అరచేతిని కోస్తోంది. ఇంజనీరు "మేస్త్రీ! దింపు!" అని అరుస్తున్నాడు. రాజోలి కాసేపటి కింద ఒడ్డు వైపు పోతుంటే చూశానని నాకు గట్టిగా అనిపించింది. మంచినీళ్లకో, ఇంకోదానికో పోయుంటాడు. మామ పిలుస్తూనే ఉంటాడు, పలక ఊగుతూనే ఉంటుంది. నాకు ఒక్క క్షణంలో తోచింది. రాజోలిది ఎండు జొన్నచొప్ప విరిచినట్టుండే గొంతు. నాకు చిటికెలో పని.

"ఉన్న," అన్నాను, రాజోలి గొంతుతో.

మామ కనుబొమ్మలు ఒకసారి ముడిపడ్డాయి. గాలి హోరు మీద అనుమానపడి వదిలేశాడేమో, తరువాతి ఊరిని పిలిచాడు. పద్దెనిమిదీ అయ్యాయి. చెయ్యి దిగింది. పలక దిగింది. నా పక్కవాడు నా మోచేతిని పొడిచి పళ్లికిలించాడు. నేనూ ఇకిలించాను.

క్రేన్ ఆపి, ఆపరేటరు ట్రైలర్ ఎక్కి ఒడ్డుకు పోయాడు. వెల్డరు పలక మీది ఎత్తుడు కొక్కేలను కోయడం మొదలుపెట్టాడు. నేను ఒడ్డుకు పోయి కుండ దగ్గర చూశాను. రాజోలి లేడు. షెడ్డులో చూశాను. లేడు. అతని చెప్పులు జెట్టీ మీద, ఆ నిచ్చెన ఉన్న చోటికి రెండడుగుల దూరంలో, జతగా విడిచి ఉన్నాయని అప్పుడు గుర్తుకొచ్చింది. వాటిని దాటుకునే తాడు పట్టుకున్నాను.

జెట్టీ చివరిదాకా ఆ అర కిలోమీటరు ఎలా పరిగెత్తానో తెలియదు. వంగి చూస్తే పైల్స్ మీద పొద్దున కనిపించిన గుల్లలు కనిపించడం లేదు. నీళ్లు మంచెను దాటాయి. పలక కింద అల పోయి కొట్టుకుంటే చప్పుడు మారుతుంది. ఎవరో పళ్లు లేని నోటితో చప్పరించినట్టుంటుంది. ఆ చప్పుడు మధ్యలో ఇంకో చప్పుడు. టక్, టక్, టక్. కింది నుంచి.

మామ దగ్గరికి పోయాను. "మామా, రాజోలి కిందున్నడు."

"వాడు పలికిండు గద."

"నేను పలికిన."

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. రెండు కళ్లూ పెద్దవి చేసి, గొర్రె పొదలో ఇరుక్కుంటే కాపరి ఎలా చూస్తాడో అలా, నా వెనకాల సముద్రాన్ని చూశాడు. మరుక్షణం కేకలు వేశాడు. "వెల్డింగ్ బంద్ చెయ్! ఆపరేటర్ని పిలువుండ్రి! పడవ యాడుంది?" పడవ ఒడ్డున ఉంది. కొక్కేలు రెండు తెగిపోయాయి, ఒక పక్కవి రెండే మిగిలాయి. ఒక తాడు తెచ్చి నా నడుముకు కట్టాడు. ముడి మూడుసార్లు జారింది.

"మామా, నాకు బాయిల ఈత తప్ప..."

"వాని జాగల నువ్వు పలికినవ్. పో, వాని పక్కకు పోయి నిలబడు."

అంచు దూలం మీద నుంచి నన్ను దింపారు. నీళ్లు చల్లగా లేవు, వెచ్చగా ఉన్నాయి. అందుకే ఎక్కువ భయమేసింది. ప్రాణం ఉన్నదేదో నన్ను తడుముతున్నట్టుంది. దూలం కింద నుంచి దూరి లోపలికి పోతే చీకటి. రాజోలి పైల్‌ను కౌగిలించుకుని మంచె మీద నిలబడి ఉన్నాడు. నీళ్లు రొమ్ము దాటాయి. చేతిలో ఒక బోల్టు, దానితో తల మీది పలకను కొడుతున్నాడు. నన్ను చూశాడు గాని చూసినట్టు లేడు. ఒక చేత్తో అతన్ని, ఒక చేత్తో పైల్‌ను పట్టుకున్నాను. ప్రతి అలకూ నీళ్లు గడ్డం దాకా వచ్చి పోతున్నాయి. పోవడం తక్కువ, రావడం ఎక్కువ అవుతోంది.

పలకల మధ్య వేలెడు సందులో నుంచి వెలుతురు పడుతోంది. ఆ వెలుతురుకు అడ్డం పడింది మామ ముఖం. బోర్లా పడుకుని సందుకు నోరు పెట్టాడు.

"రాజోలీ!"

రాజోలి పళ్లు టకటకలాడుతున్నాయి. నేనే అరిచాను. "ఇద్దరం ఉన్నం మామా!"

"నువ్వు నోర్మూయ్! వాన్నే పలకమను. రాజోలీ!"

నేను అతని చెంప మీద కొట్టాను. "పలుకురా. నీ కాళ్లు మొక్కుత, పలుకు."

పిలుపు ఆగలేదు. ఎన్నిసార్లు పిలిచాడో నేను లెక్కపెట్టలేదు. అల ఒకటి మా తలల మీదుగా పోయింది. అది పోయాక రాజోలి ఉప్పునీళ్లు కక్కి, "ఉన్న" అన్నాడు. సందులోంచి మామ ఊపిరి వదలడం మాకు వినిపించింది.

ఆపరేటరు పరిగెత్తుకొచ్చి ఎక్కడం, క్రేన్ మొరాయించకుండా కదలడం, రెండే కొక్కేలతో పలకను ఒక పక్క మూరెడు లేపడం, వేలాడే పలక కింద ఎవరినీ నిలబడనివ్వని మనిషి ఆ పలక కిందికే నడుం దాకా వంగి, రాజోలి జుట్టు పట్టుకుని పైకి లాగడం, ఆ తర్వాత నన్ను లాగడం, ఇవన్నీ ఒక్క అల వచ్చి పోయినంత సేపట్లో అయ్యాయనిపిస్తుంది. రాజోలిని దవాఖానకు తీసుకుపోయారు. రెండు రోజులు మాట్లాడలేదు. పలక దిగేటప్పుడు ఎందుకు అరవలేదని అడిగితే, "నిద్రల ఉంటి," అన్నాడు.

ఇంజనీరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది మేస్త్రీ? నీ లెక్క ఏమైంది?"

నేను నోరు తెరిచాను. మామ నా వైపు చూడకుండానే, "నా చెవి తప్పింది సారు," అన్నాడు.

సాయంత్రం షెడ్డు వెనక నన్ను నిలబెట్టి చెప్పాడు. "ఇయ్యాల చెప్తే నిన్ను తంతరు, తరుముతరు. నన్నయితే ముసలోని చెవి అనుకుంటరు, గంతే. గని రాజోలికి మాత్రం నువ్వే చెప్పాలె. ఎప్పుడన్న చెప్పు. ఒక్కపారే చెప్పు, నీ కథల లెక్క చెప్పకు."

మిగిలిన పలకలన్నిటికీ ఆయన నన్ను పిలవలేదు. పదిహేడు ఊళ్లనూ పిలిచి, చెయ్యి ఎత్తినట్టే ఉంచి, నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, రెండో అరచెయ్యి నా రొమ్ము మీద ఆనించి, వెనక్కి పోయి అప్పుడు దింపేవాడు. ఇంజనీరు నిమిషాలు లెక్కపెట్టడం మానేశాడు.

"గంతే" అన్నాడు గాని గంతటితో పోలేదు. చెవులు సరిగా లేని మేస్త్రి వెంట ఎవరొస్తారు? మరుసటి ఏడు సంతలో ఆయన మనుషులను నిలబెట్టి కళ్లు మూసుకుంటే, తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు. లింగాల ఆయన ఇంకో గుంపు కట్టాడు. మామ మళ్లీ గొర్రెలు కొనుక్కున్నాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా, "చెప్పినవా?" అనేవాడు. "లేదు మామా." "సరే తీ," అని గొర్రెల వైపు తిరిగేవాడు. ఏడేళ్లు అదే మాట. మూడు తాలూకాలు తిరిగి చేపలు క్రేన్లు మింగిన కథలు చెప్పిన నోటికి, బస్సెక్కి రాజోలి పోయి ఆ ఒక్క మాట చెప్పడం చేతకాలేదు.

దినాల నాడు ఆయన ఇంటి ముందర పందిరి వేశారు. మా గుంపులో ఏడెనిమిది మంది వచ్చారు. బంతిలో నాకు ఎదురుగా రాజోలి కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. వడ్డించే ఆమె, "అన్నా, పప్పు?" అంటే పలకలేదు. రెండోసారి అడిగితే ఉలిక్కిపడి తల ఊపాడు.

లింగాల ఆయన ముద్ద కలుపుతూ అన్నాడు, "మంచోడే పాపం. గని చెవులు పోయినంక మేస్త్రిగిరి ఇడిచిపెట్టాలె గద. రాజోలన్న పానం తీస్తుండె."

నేను విస్తరి ముందు నుంచి లేచాను. "మామ చెవులు మంచిగనే ఉండె. ఆ దినం రాజోలి జాగల పలికింది నేను. రాజోలి గొంతుతోని నేనే ఉన్న అన్న. మామ నన్ను కాపాడనీకె తన మీదేసుకున్నడు."

పందిరంతా నవ్వు. "ఇగ షురూ చేసిండు!" "సచ్చినోని దినాల కాడ గూడ కథలేనా వనపర్తీ?" "కూసో, కూసో, పప్పు సల్లారుతది!" లింగాల ఆయనకు పొలమారింది. ప్రమాణం చేస్తానన్నాను, ఇంకా నవ్వారు.

రాజోలి నవ్వలేదు. ముద్ద విస్తరిలో పెట్టి, నవ్వు సద్దుమణిగేదాకా ఆగాడు.

"ఆ దినం నేను నిద్రల లేను," అన్నాడు. "మామ పిలిస్తే మెలకువొచ్చింది. పలుకుదమని నోరు తెరిచిన. అంతలనే పైన నా గొంతు పలికింది. నా గొంతే. నేను పైన ఉంటే మరి ఈడ పండింది ఎవరు? సచ్చిన అనుకున్న. సచ్చినోడు ఎట్ల అరుస్తడు? పలక దిగుతుంటే సూసుకుంట పండిన. నీళ్లు ఈపుకు తగిలినంక, సచ్చినోనికి తడి ఎట్ల తెలుస్తదని కొట్టుడు షురూ చేసిన."

వడ్డించే ఆమె పప్పు గిన్నె కింద పెట్టింది.

"గప్పటి సంది ఎవలన్న పిలిస్తే ఎంటనే పలుక. ఇంకోడెవడన్న పలుకుతడేమో అని ఆగుత. నా పెండ్లాం నాకు చెవుడనుకుంటది. పైన పలికినోడే అసలోడు, ఇంటికొచ్చినోడు ఎవడో అని ఎన్ని దినాలు నా చేతులు నేనే సూసుకున్ననో." నా వైపు తిరిగాడు. "అది నువ్వేనా?"

"నేనే అన్నా."

"అయితే ఒక్కపారి పలుకు. గదే గొంతు. ఇని పోత."

నేను గొంతు సవరించుకున్నాను. మనుషులవీ, మేకలవీ, చేపలవీ కూడా గొంతులు తీసినవాణ్ని. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. రాజోలి ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నా నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు.